కత్తి వదులైతే పారెయ్యాలా?

మడతకత్తి బ్లేడు కాస్త ఊగితే చాలు, "ఇంకేం పనికొస్తుంది, కొత్తది కొనుక్కో" అనేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది నాకు. అయ్యా, అందులో ఉన్నదేంటి? రెండు చెక్కలు, ఒక బ్లేడు, ఒక ఇరుసు!

పక్కలకి ఊగుతోందంటే దాదాపుగా ఇరుసు వదులైనట్టే. ముందు బ్లేడు అంచుకి టేపు చుట్టండి. మర ఉన్న కత్తయితే, చాలావాటికి టీ8 టార్క్స్ బిట్టు సరిపోతుంది, చుట్టులో ఎనిమిదో వంతు చొప్పున బిగించి చూడండి. బలమంతా ఒకేసారి చూపిస్తే బ్లేడు తెరుచుకోదు. మాటిమాటికీ వదులవుతుంటే మరకి నీలం లాక్‌టైట్ ఒక్క చుక్క. ఎరుపుది వద్దు బాబూ, వేడి చేస్తేగానీ ఊడదు.

విక్టోరినాక్స్ జేబుకత్తులకి మరలుండవు, రివెట్లే. కింద ఇనుపదిమ్మ పెట్టి చిన్న సుత్తితో రివెట్ తల మీద మెల్లగా తట్టాలి. రెండు దెబ్బలకోసారి తెరిచి చూసుకోండి, ఇక్కడ అన్‌డూ లేదు మరి.

విప్పితే వారంటీ పోతుందని కొన్ని కంపెనీల బెదిరింపొకటి. నేను బిగిస్తుంటే విప్పడమేంటండీ?

లాకున్న కత్తిలో తెరిచిన బ్లేడు పైకీ కిందకీ కదిలితే మాత్రం అది లాకు అరుగుదల. ఇరుసు ఎంత బిగించినా పోదు, లాకు జారితే తెగేది వేళ్ళే. మీ "పారెయ్" సలహా దానికివ్వండి, కాదనను.