పిల్లల పాటల పత్రికలో అమ్మకెంత చోటు?

ఈ వేసవి సెలవుల్లో మా అమ్మాయి, దాని స్నేహితురాళ్ళు నలుగురు కలిసి పాటల పత్రిక ఒకటి చేస్తామని కూర్చున్నారు. తొమ్మిది ముగించి పదికి వెళ్ళే పిల్లలు. పదో తరగతి మొదలైతే ఊపిరాడదు కాబట్టి ఇప్పుడే చెయ్యాలట. పన్నెండు పేజీలు, నలభై కాపీలు, కాపీ పది రూపాయలు. బాలాజీ కాలనీలో జిరాక్సు షాపు కూడా మాట్లాడుకొచ్చేశారు. "నువ్వు బీఏ తెలుగు కదమా, తప్పులు దిద్దిపెట్టు" అని ఆ ఒక్క పనీ నాకిచ్చారు.

నేను తప్పులు దిద్దడంతో ఆగలేదు. తెలుగులో ర్యాప్ పాడే కుర్రాళ్ళ గురించి వాళ్ళు ఇష్టంగా రాసుకున్న పేజీ ఒకటుంది. దాన్ని తీసేసి, ఎవరినీ అడక్కుండా, అన్నమయ్య మీద నేను రాసిన వ్యాసం పెట్టేశాను. తిరుపతిలో ఉండి పాటల పత్రిక వేస్తూ అన్నమయ్య లేకపోతే ఎట్లా అని నా బాధ. జిరాక్సుకు ఇచ్చే ముందు రోజు రాత్రి పిల్ల చూసింది. గొడవ చెయ్యలేదు. "ఇది మా పుస్తకం కాదుమా, తెలుగు వాచకం" అని ల్యాప్‌టాప్ మూసేసింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ రెండు రోజులూ అంట్లు తోముతున్నా, బట్టలు మడతేస్తున్నా అదే మాట చెవిలో తిరిగింది. పిల్లలు పత్రికను ఎందుకు చేతిలోకి తీసుకుంటారు?

మన చిన్నప్పుడు సినిమా హాళ్ళ ముందు, బస్టాండుల్లో అమ్మే పాటల పుస్తకాలు గుర్తున్నాయా? పల్చటి కాగితం, అట్ట మీద మసకబారిన హీరో హీరోయిన్ బొమ్మ, లోపల పాటలు తప్ప ఇంకేమీ లేదు. అందమనే మాటే లేదు. అయినా చిల్లర కూడబెట్టుకుని కొనేవాళ్ళం. రేడియోలో పాట వచ్చేది, పోయేది. రెండో చరణంలో ఏమన్నాడో అర్థమయ్యేది కాదు. అది చెప్పేది ఆ పుస్తకమే. ఇంగ్లండులో స్మాష్ హిట్స్ అని పిల్లల పాటల పత్రిక ఒకటి 1978 నుంచి 2006 దాకా నడిచింది. రంగుల బొమ్మలు, సరదా కబుర్లు ఎన్ని ఉన్నా, అప్పటి హిట్ పాటల మాటలు అచ్చెయ్యడమే దాని పెద్ద ఆకర్షణ. మన బస్టాండు పుస్తకం కిటుకూ, వాళ్ళ రంగుల పత్రిక కిటుకూ ఒకటే. పాడుకోవడానికి పనికొచ్చే పేజీ ఉంటే పిల్లలు తీసుకుంటారు.

ఇప్పుడు మాటలు ఫోన్లోనే దొరుకుతాయి కదా అంటారేమో. దొరుకుతాయి, కానీ మా అమ్మాయి చూసేవన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే. రోజంతా తెలుగు పాటలు పాడుతుంది, నోటు పుస్తకంలో రాసుకునేది మాత్రం ఆ అక్షరాల్లో. వాటిలో 'ల'కూ 'ళ'కూ తేడా తెలియదు, 'ద'కూ 'డ'కూ తెలియదు. ఏళ్ళ తరబడి పాడుతున్న మాటకు అర్థమేమిటే అంటే గుడ్లప్పగించి చూసింది. ఇంగ్లీషు మీడియం పిల్ల. తెలుగు చదవడం దానికి మార్కుల కోసమే. మార్కులు లేకపోయినా తనంతట తాను తెలుగు అక్షరం వైపు వచ్చే దారి ఏదైనా ఉంటే, అది పాటే. ఆ దారికి అడ్డంగా నేను నా వ్యాసం పెట్టాను!

అన్నమయ్య విషయమే చూడండి. 1408 నుంచి 1503 దాకా బతికిన ఆయన పాటలు మనకు దక్కాయంటే, రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో సంకీర్తనా భాండారంలో దాచబట్టి. రేకుల మీద రాగం పేరుంది, స్వరాలు లేవు. బాణీలు పోయాయి, మాటలు నిలిచాయి. ఆ తర్వాత రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ లాంటి వాళ్ళు ఎన్నో పాటలకు మళ్ళీ బాణీలు కట్టారు. అక్షరాల్లో ఉండబట్టే ఆ పాటలు మళ్ళీ గొంతులోకి వచ్చాయి. ఇంత చిన్న సంగతికి నేను రెండు పేజీలు పూర్తిగా తినేశాను.

మూడో రోజు నేనే వెళ్ళి దాని పక్కన కూర్చున్నాను. నా వ్యాసం తీసేశాం, ర్యాప్ పేజీ వెనక్కి వచ్చింది. "పాటలు మీరే ఎంచుకోండి. పాట మాటలు మాత్రం తెలుగు అక్షరాల్లో వెయ్యండి. అడుగున రెండంగుళాలు నాకివ్వండి, నాలుగు కష్టమైన మాటలకు అర్థం రాస్తాను" అన్నాను. ఒప్పుకుంది.

ఇక నేను నేర్చుకున్నవి. మన అక్షరాలకు పైన గుడులు, కింద ఒత్తులు. ఇంగ్లీషుకు సరిపోయే ఎడం మనకు చాలదు, ఒక లైను ఒత్తు కింది లైను గుడికి తగులుతుంది. నల్లటి పేజీ మీద తెల్లటి అక్షరాలు తెరమీద బాగుంటాయి, జిరాక్సులో ఒత్తులన్నీ పూడిపోతాయి. శీర్షికలకు రామభద్ర, లోపలికి మండలి ఫాంటు వాడాం. రెండూ ఉచితంగా దొరుకుతాయి. కాగితాన్ని మడిచి పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు లెక్కన ఉండాలి. ఊరి సంగతి ఒకటి ఉంటే పిల్లలు వదలరు. ఎస్పీ బాలు శ్రీకాళహస్తిలో హైస్కూలు, తిరుపతిలో పీయూసీ చదివాడని వేస్తే "మన ఊళ్ళోనా!" అని అందరూ ఆ పేజీ దగ్గర ఆగారు.

సినిమా పాట మొత్తం అచ్చేసి అమ్మాలంటే హక్కులున్న వాళ్ళ అనుమతి కావాలి. అందుకని పల్లవి మాత్రం వేసి, కింద ఖాళీ గీతలు గీశారు. "మిగతా పాట విని తెలుగులో రాయండి" అని. ఈ ఆలోచన మా అమ్మాయిదే. నాకైతే ఏడు జన్మలెత్తినా తట్టేది కాదు.

"మరి మన సంపద పిల్లలకు ఎప్పుడు తెలుస్తుంది?" అని మా వదిన అడిగింది. న్యాయమైన ప్రశ్నే. అయితే, హక్కుల గొడవ లేకుండా పూర్తిగా వేసుకునే పాట ఏదైనా ఉందా అని పిల్లలే వెతికారు. ఐదువందల ఏళ్ళనాటి అన్నమయ్య పాటకు ఎవరి అనుమతీ అక్కర్లేదన్నాను. ఇంట్లో పాటలు వింటూ ఒకటి వాళ్ళే ఎంచుకున్నారు. నాలుగు మాటలు కాదు, తొమ్మిది మాటలకు అర్థం అడిగారు. రెండంగుళాలు చాలక ఇంకో అంగుళం ఇచ్చారు.

నలభైలో ముప్పై ఒకటి అమ్ముడయ్యాయి. మిగిలినవి మా బీరువా మీద ఉన్నాయి. ఎదురింటి పిల్ల కొన్న కాపీలో ఖాళీ గీతలు నిండి ఉండటం చూశాను. మూడు తప్పులున్నాయి. చేతిలో పెన్ను ఉంది, అయినా దిద్దలేదు.

మీ ఇంట్లో పిల్లలు ఇట్లాంటిదేదైనా చేస్తామంటే చెయ్యనివ్వండి. అడుగున రెండంగుళాలు మాత్రం అడిగి తీసుకోండి.