దోమపోటు లెక్కల్లో కూలి మనిషి ఎక్కడ?

మాదాపూర్‌లో ఒక ఐటీ కంపెనీ గేటు దగ్గర రాత్రి డ్యూటీ చేసే సెక్యూరిటీ గార్డు ఒకాయన నాకు తెలుసు. ఇద్దరిదీ ఒకే మండలం కాబట్టి అన్నా అని పిలుస్తాను. మూడేళ్ల కిందటి దాకా ఆయన నల్లగొండ జిల్లాలో రెండెకరాలు కౌలుకు పట్టి వరి వేసేవాడు. కోతకు పదిహేను రోజుల ముందు మడి మధ్యలో గుండ్రంగా ఎండిన మచ్చలు కనిపించాయి. వారం తిరిగేసరికి పొలమంతా కాలబెట్టినట్టయింది. సుడిదోమ. కౌలు మాత్రం మాట ప్రకారం కట్టక తప్పలేదు. "పంట పోయింది నాకు, రైతుబంధు పడ్డది పట్టాదారుకు" అన్నాడు.

వాతావరణ మార్పు గురించి యూనివర్సిటీల్లో, సెమినార్లలో చాలా మాట్లాడుతున్నాం. భూమి లేకపోవడం గురించీ మాట్లాడుతున్నాం. ఈ రెండూ ఒకే మడిలో ఎలా కలుస్తాయో మాత్రం తక్కువగా చూస్తున్నాం.

వేడికి పురుగు చేసేదేమిటి?

పురుగు ఒంటి వేడి బయటి వాతావరణాన్ని బట్టే ఉంటుంది. వేడి పెరిగితే దాని ఆకలి పెరుగుతుంది. గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి పట్టే రోజులు తగ్గుతాయి. ఒక సీజన్‌లో ఎక్కువ తరాలు పుట్టే వీలు కలుగుతుంది. భూగోళ సగటు ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ పెరిగినప్పుడల్లా వరి, మొక్కజొన్న, గోధుమల్లో పురుగుల వల్ల జరిగే నష్టం 10 నుంచి 25 శాతం పెరుగుతుందని 2018లో 'సైన్స్' పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా కట్టింది. రెండు డిగ్రీలు పెరిగితే వరిలో ఈ నష్టం ఇప్పటికంటే 19 శాతం ఎక్కువవుతుందని లెక్కగట్టింది.

అదే అధ్యయనం ఇంకో మాట కూడా చెప్పింది. చల్లటి దేశాల్లో పురుగుల సంఖ్య వేగంగా పెరుగుతుంది. మనలాంటి వేడి ప్రాంతాల్లో అవి ఇప్పటికే తమకు అనువైన వేడికి దగ్గరగా ఉన్నాయి కాబట్టి పెరుగుదల అంతగా ఉండకపోవచ్చు. అందుకని మనం ఊపిరి పీల్చుకోవడానికి లేదు. మన దగ్గర దోమకు సాయం చేసేది వేడి ఒక్కటే కాదు.

తెలంగాణలో 2014-15లో రెండు సీజన్లూ కలిపి వరి సుమారు 35 లక్షల ఎకరాలు. 2022-23 నాటికి అది కోటి ఎకరాలు దాటింది. వానాకాలం పంట కోయగానే యాసంగి నార్లు పడుతున్నాయి. పురుగుకు తిండి తెగడం లేదు. వానలు ఆలస్యమైతే నాట్లు ఒకేసారి పడవు. ఒకే ఊళ్లో ఒక మడి పిలక దశలో, పక్క మడి పొట్ట దశలో ఉంటే పురుగు ఒకదాని నుంచి ఇంకోదానికి మారుతూ బతుకుతుంది. దగ్గర దగ్గరగా వేసిన నాటు, మోతాదు మించిన యూరియా, నిలవ నీరు, మబ్బు పట్టి తేమగా ఉండే రోజులు కలిస్తే దుబ్బు మొదట్లో సుడిదోమ విపరీతంగా పెరుగుతుంది. భయపడి పైరెథ్రాయిడ్ మందులు కొడితే దోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు చచ్చిపోతాయి. దోమ మళ్లీ రెట్టింపుగా వస్తుంది. శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా చెబుతున్న సంగతే ఇది.

విత్తనం సంగతీ చూడాలి. మారుటేరు నుంచి వచ్చిన ఎంటీయూ 1010 దోమను కొంత తట్టుకుంటుంది. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబమసూరికి ఆ శక్తి లేదు. మార్కెట్ మాత్రం సన్నాలనే అడుగుతోంది. 2024 వానాకాలం నుంచి ప్రభుత్వం కూడా సన్నాలకే క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇస్తోంది. ఏ విత్తనం వేయాలో కౌలుదారు నిర్ణయించుకునే లోపే మార్కెట్ నిర్ణయించేస్తోంది.

మందు కొట్టే ఒళ్లు ఎవరిది?

2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగు భూమిలో దళితుల చేతిలో ఉన్నది సుమారు 9 శాతమే. మిగతా భూమిలో మనవాళ్లు ఉన్నది కౌలుదారులుగా, కూలీలుగా. పురుగు పెరిగితే మందు పెరుగుతుంది. తైవాన్ పంపు వీపుకెత్తుకుని ట్యాంకు లెక్కన మందు కొట్టేది చాలా ఊళ్లలో మాదిగ, మాల వాడల నుంచి వచ్చిన యువకులే. ఎండలో మాస్కు, గ్లౌజులు, నిండా కప్పే బట్టలు వేసుకుని పని చేయడం అయ్యే పని కాదు. చెమట పట్టి తడిసిన చర్మం గుండా మందు ఇంకా తేలిగ్గా ఒంట్లోకి దిగుతుంది. వాతావరణ మార్పు ఇటు పురుగును పెంచుతుంది, అటు రక్షణ బట్టలను ఒంటి మీద ఉండనివ్వదు. రెండు దెబ్బలూ ఒకే ఒంటికి.

2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు. క్రిమిసంహారక మందుల చట్టం 1968లో వచ్చింది, నిబంధనలు 1971లో వచ్చాయి. మందులతో పనిచేసేవాళ్లకు వైద్య పరీక్షలు చేయించాలని, రక్షణ దుస్తులు ఇవ్వాలని అందులో ఉంది. ఫ్యాక్టరీ రిజిస్టర్‌లో పేరున్నవాడికి అది కొంతైనా పనికొస్తుంది. పొద్దున పిలిస్తే వెళ్లి సాయంత్రం పైసలు తీసుకునే కూలికి ఏ రిజిస్టరూ లేదు.

పంట పోతే దక్కేదేమిటి? ఫసల్ బీమా నుంచి తెలంగాణ 2020లో బయటికి వచ్చింది. 2018లో మొదలైన రైతుబంధు, రైతుబీమా పట్టాదారు పాస్‌బుక్‌నే గుర్తించాయి. 2011లో వచ్చిన కౌలుదారుల చట్టం కాగితం మీదే మిగిలింది. 2025 జనవరి 26న రెండు పథకాలు ఒకే రోజు మొదలయ్యాయి. రైతు భరోసా కింద ఏడాదికి ఎకరాకు 12 వేలు. ఇందిరమ్మ ఆత్మీయ భరోసా కింద భూమి లేని కూలి కుటుంబానికి ఏడాదికి 12 వేలు. పదెకరాల ఆసామికి లక్షా ఇరవై వేలు, ఆయన పొలంలో మందు కొట్టే కుటుంబమంతటికీ 12 వేలు. కూలి కుటుంబాన్ని లెక్కలోకి తీసుకోవడం మంచి అడుగే. కానీ ఆ లెక్క ఎక్కడ ఆగిందో కూడా చూడాలి.

సైబరాబాద్ నుంచి పొలానికి

రాజేంద్రనగర్‌లో భారత వరి పరిశోధన సంస్థ ఉంది. పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉంది. రాయదుర్గంలో టీ-హబ్ ఉంది. వరి పురుగుల మీద, వ్యవసాయ డేటా మీద ఇంత జ్ఞానం ఒకే నగరంలో ఉండటం అరుదు. 2016లో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో విత్తే తేదీ చెప్పే మెసేజ్‌లు పంపాయి. 2023లో తెలంగాణ వ్యవసాయ డేటా ఎక్స్చేంజ్ మొదలుపెట్టింది. పురుగు రాకను ముందే చెప్పే సాఫ్ట్‌వేర్లు రాబోయే రోజుల్లో ఇంకా వస్తాయి. నేను వాటికి వ్యతిరేకం కాదు. కానీ ఆ హెచ్చరిక ఎవరి ఫోన్‌కు వెళుతుంది? మందు కొనే ఆసామికి. ఏ మందు కలిపారో, ఎన్ని గంటల వరకు ఆ మడిలోకి దిగకూడదో మందు కొట్టే మనిషికి, తెల్లారి కలుపు తీయడానికి దిగే ఆడవాళ్లకు చెప్పేదెవరు?

అంబేడ్కర్ 1918లోనే చిన్న కమతాల సమస్య మీద రాస్తూ, వ్యవసాయం మీద ఆధారపడ్డ అదనపు జనానికి పరిశ్రమలే దారి అన్నారు. 1998లో సైబర్ టవర్స్ మొదలైనప్పుడు మనకు చూపించిన ఆశ కూడా అలాంటిదే. ఇరవై ఐదేళ్లు దాటాక చూస్తే, పొలం వదిలిన మనవాళ్లలో చాలామంది ఆ భవనాలను కట్టారు, ఊడుస్తున్నారు, కాపలా కాస్తున్నారు. లోపలి కుర్చీల దాకా చేరినవాళ్లు తక్కువ.

అడగాల్సినవి స్పష్టంగానే ఉన్నాయి. పట్టాతో సంబంధం లేకుండా సాగు చేసేవాడికే పంట నష్ట పరిహారం అందాలి. మందు కొట్టే కూలీలను మండలం వారీగా నమోదు చేసి, సీజన్‌లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో రక్త పరీక్షలు చేయాలి. దుబ్బుల్లో దోమలను లెక్కించే పనికి వాడల్లో చదువుకున్న పిల్లలను జీతానికి పెట్టుకోవాలి. దోమ ఎన్ని ఉంటే మందు కొట్టాలో తెలిస్తే సగం పిచికారీలు అవసరమే ఉండవు. పురుగు హెచ్చరిక యాప్‌లకు ప్రభుత్వ డబ్బు ఇచ్చేటప్పుడు, కూలీకి గొంతుతో వినిపించే సమాచారం కూడా అందులో ఉండాలని షరతు పెట్టాలి.

విద్యార్థులకు ఒక మాట. ఈ వానాకాలం మీ ఊరికి వెళ్లినప్పుడు ఎవరెవరు మందు కొడుతున్నారో, రోజుకు ఎన్ని ట్యాంకులో, సాయంత్రానికి వాళ్లకు ఏమవుతోందో రాసుకోండి. ఆ లెక్క ఇప్పటిదాకా ఏ డేటా ఎక్స్చేంజ్‌లోనూ లేదు. మనం రాయకపోతే ఇక ముందు కూడా ఉండదు.