తీర్పు కంటే ముందు తేదీ

సుప్రీంకోర్టు ఏమి తీర్పు చెప్పిందన్న విషయం మీద మన ఇళ్లలోనూ సభలలోనూ వాదోపవాదాలు విరివిగా జరుగుతాయి. ఆ వ్యాజ్యం ఆ రోజున, ఆ న్యాయమూర్తుల ఎదుటికి ఎలా వచ్చింది, దానికంటే ముందు దాఖలైన మరొకటి ఎందుకు రాలేదు అన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. అది న్యాయవాదులకు తప్ప ఇతరులకు పట్టని గుమాస్తా వ్యవహారమని అనుకుంటాము. ఉద్యోగ జీవితమంతా గుమాస్తాగానే గడిపినవాడిని గనుక ఒక మాట చెప్పగలను. ఏ ఫైలు బల్ల మీదికి రావాలో, ఏది బీరువా అడుగున ఉండాలో నిర్ణయించే చేయి, సంతకం పెట్టే చేతికి ఏమాత్రం తీసిపోదు.

మన తెలుగు రాష్ట్రాల కేసునే తీసుకుందాము. సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ కల్పిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2007లో చట్టం చేసింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఐదుగురి మెజారిటీతో దానిని కొట్టివేసింది. అదే ఏడాది మార్చి 25న అప్పటి ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం, చట్టంలో పేర్కొన్న 14 వర్గాలకు రిజర్వేషన్ కొనసాగించవచ్చునని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, అసలు వివాదాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించింది. నాటి నుండి నేటి వరకు బీసీ–ఈ ధ్రువపత్రంతో ఇంజనీరింగులో, వైద్య విద్యలో, ప్రభుత్వ ఉద్యోగాలలో చేరిన మన బిడ్డలందరూ ఆ మధ్యంతర ఉత్తర్వు నీడలోనే చేరారు. 2010లో ఒకటో తరగతిలో ఉన్న పిల్లవాడు డిగ్రీ చదివే వయసుకు వచ్చాడు. రాష్ట్రమే రెండయింది. కేసు మాత్రం తుది విచారణకు నోచుకోలేదు.

ఒక్కసారి వచ్చినట్టే వచ్చింది. 2022 ఆగస్టు చివర ప్రధాన న్యాయమూర్తిగా బాధ్యతలు చేపట్టిన యు.యు. లలిత్, ఏళ్ల తరబడి పడి ఉన్న రాజ్యాంగ ధర్మాసన కేసులను కదిలించదలచి, ఐదుగురు న్యాయమూర్తుల ముందు ఆర్థికంగా వెనుకబడినవారి 10 శాతం రిజర్వేషన్ కేసును, మన 4 శాతం కేసును కలిపి జాబితాలో చేర్పించారు. మొదట 10 శాతం కేసు వినాలని నిర్ణయమైంది. సెప్టెంబరులో దాని విచారణ ముగిసింది, నవంబరు 7న తీర్పు వెలువడింది. మరునాడే లలిత్ పదవీ విరమణ చేశారు. ఆయన పదవీకాలం మొత్తం 74 రోజులు. మన కేసు వంతు రాలేదు. 2019లో పుట్టిన చట్టానికి 2022లో తుది తీర్పు దొరికింది. 2007 నాటి చట్టం వరుసలోనే నిలబడి ఉంది.

ఈ వరుసను ఎవరు నిర్ణయిస్తారు? అర్జీ దాఖలైనప్పుడు రిజిస్ట్రీ ఒక డైరీ నంబరు ఇస్తుంది. కాగితాలలో లోపాలుంటే తిప్పి పంపుతుంది. లోపాలు సరిదిద్దిన తరువాతనే కేసు నమోదై నంబరు పడుతుంది, అప్పుడు గాని ధర్మాసనం ముందుకు వెళ్లే యోగం పట్టదు. ప్రతి రోజూ ఏ కోర్టు గదిలో ఏయే కేసులు, ఏ క్రమంలో వస్తాయో చెప్పే పట్టికను కాజ్‌లిస్టు అంటారు. ముందస్తు జాబితా ఒకటి, ప్రధాన జాబితా ఒకటి, చివరి నిమిషంలో చేర్చిన కేసులతో అనుబంధ జాబితా మరొకటి. చిరకాలంగా ఉన్న ఆనవాయితీ ప్రకారం సోమ, శుక్రవారాలు కొత్త కేసులకు. ఆ రెండు రోజులూ ఒక్కొక్క ధర్మాసనం ముందు పదుల సంఖ్యలో అర్జీలు వస్తాయి, ఒక్కొక్క దానికి దక్కేది కొన్ని నిమిషాలే. మంగళ, బుధ, గురువారాలు సావకాశంగా వాదనలు వినవలసిన పాత కేసులకు. ఉదయం పదిన్నరకు మొదలై సాయంత్రం నాలుగింటికి ముగిసే పనివేళలలో జాబితా చివరనున్న కేసు వరకు రావడం ఏ రోజుకారోజు అనుమానమే. రానిది వాయిదా పడుతుంది. అందుకే కొన్ని కేసులలో న్యాయమూర్తులు ఫలానా తేదీన జాబితాలో నుండి దీనిని తొలగించరాదని ప్రత్యేకంగా ఉత్తర్వులోనే రాయిస్తారు. అలా రాయించుకోగలిగిన కేసు అదృష్టవంతురాలు.

ఉర్దూ తెలిసినవారికి ఇక్కడ ఒక చమత్కారం కనబడుతుంది. మన కచేరీ భాషలోని ‘వాయిదా’ మాట ఇచ్చుటకు వాడే ‘వాదా’ నుండి వచ్చినదే. మాట ఇచ్చిన తేదీ కాస్తా మాట తప్పిన తేదీ అయి కూర్చున్నది.

పైన చెప్పిన ఆనవాయితీ కూడా రాతి మీద చెక్కినది కాదు. 2024 నవంబరులో ఒక్క సర్క్యులర్‌తో, మంగళ, బుధ, గురువారాలలో ఆ పాత కేసుల తుది విచారణలను నిలిపి, నోటీసులు జారీ అయిన ఇతర కేసులను పెట్టారు. అత్యవసరమైన కేసును ఉదయాన్నే న్యాయవాది లేచి నోటితో విన్నవించే పద్ధతి ఉన్నది. దానిని మెన్షనింగ్ అంటారు. అదే నెలలో నాటి ప్రధాన న్యాయమూర్తి సంజీవ్ ఖన్నా దానిని ఆపి, ఈమెయిలు గాని రాతపూర్వక చీటీ గాని పంపమన్నారు. తరువాత వచ్చిన బి.ఆర్. గవాయ్ నోటిమాటకు తిరిగి చోటిచ్చి, 2025 ఆగస్టు నుండి తన కోర్టులో సీనియర్ న్యాయవాదులు కాక జూనియర్లే విన్నవించాలన్నారు. పెద్ద వకీలును పెట్టుకోలేని పేదవాడికి ఇది మేలే. అయితే ప్రతి మార్పూ ఒక వ్యక్తి రాకతో వచ్చి ఆ వ్యక్తి పోకతో పోతున్నది. పౌరుడు నమ్ముకోదగిన నియమం ఏదన్నది తేలడం లేదు.

మెన్షనింగ్ అంటే పెద్దమనుషుల లాంఛనమని కొట్టిపారేయరాదు. 2022 ఏప్రిల్ 20న ఢిల్లీలోని జహంగీర్‌పురిలో పేదల దుకాణాల మీదికి, గోడల మీదికి బుల్డోజర్లు వచ్చినప్పుడు ఏ అర్జీయో నెమ్మదిగా వరుసలో నడిచి వెళ్లలేదు. ఆ ఉదయం ఒక సీనియర్ న్యాయవాది మన కృష్ణా జిల్లాకు చెందిన ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ ముందు నోటితో విన్నవించారు, యథాతథ స్థితి ఉత్తర్వు వెలువడింది. అటు తరువాత కూడా గంటకు పైగా యంత్రాలు ఆగలేదు. ఉత్తర్వు ఇంకా అందలేదన్నది అధికారుల మాట. ఆ న్యాయవాదే రెండవసారి వెళ్లి విన్నవించగా, ఉత్తర్వును వెంటనే ఫోనులో తెలియజేయండని కోర్టు తన కార్యదర్శిని ఆదేశించిన మీదట అవి ఆగాయి. ఇల్లు కూలుతున్నవాడికి రెండు రోజుల తరువాతి తేదీ ఎందుకు?

ఏ కేసు ఏ ధర్మాసనానికి వెళ్లాలన్నది మరొక పెద్ద అధికారం. ప్రధాన న్యాయమూర్తే రోస్టరుకు యజమాని అని 2017 నవంబరులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ప్రకటించింది. 2018 జనవరి 12న నలుగురు సీనియర్ న్యాయమూర్తులు ఒక పచ్చిక బయలులో పత్రికల వారిని పిలిచి, దేశానికి దూరగామి ఫలితాలుండే కేసులను హేతువు కనబడకుండా ఎంపిక చేసిన ధర్మాసనాలకు అప్పగిస్తున్నారని బహిరంగంగా ఆక్షేపించారు. ఆ సమావేశం జరిగింది మన తెలుగువాడే అయిన జస్టిస్ చలమేశ్వర్ ఇంటి ఆవరణలో. అదే ఏడాది జూలైలో శాంతిభూషణ్ వేసిన కేసులో ఈ అధికారం ప్రధాన న్యాయమూర్తి ఒక్కరిదేనని కోర్టు తిరిగి ఖాయం చేసింది. అమెరికా సుప్రీంకోర్టులో తొమ్మిది మందీ కలిసే కూర్చుంటారు గనుక ఎవరి ముందుకు అన్న తగవే లేదు. వాదనల తేదీలు వారాల ముందే ప్రకటిస్తారు. వారు ఏడాదికి వినేది 60, 70 కేసులు. మన కోర్టులో 80 వేలకు పైగా పెండింగులో ఉన్నవి. 34 మంది న్యాయమూర్తులు ఇద్దరేసి, ముగ్గురేసిగా కూర్చోక తప్పదని నేనూ ఒప్పుకుంటాను. కానీ భారం ఎక్కువ కాబట్టి వరుసకు నియమం అక్కరలేదనడం ఏ రేషన్ దుకాణంలోనూ చెల్లదు.

భారమే కారణమైతే 2019 సంవత్సరాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? ఆ ఏడాది ఆగస్టు 6న అయోధ్య స్థల వివాదం మీద విచారణ మొదలైంది. పాత కేసులకు మూడు రోజులే అన్న ఆనవాయితీని పక్కనబెట్టి ధర్మాసనం వారంలో ఐదు రోజులూ వింటానన్నది. ఇంత వేగంలో సిద్ధం కావడం కష్టమని ముస్లిం పక్షాల న్యాయవాది రాజీవ్ ధావన్ అభ్యంతరం చెప్పారు. 40 రోజుల వాదనలు అక్టోబరు 16తో ముగిశాయి, నవంబరు 9న, శనివారం నాడు, తీర్పు వచ్చింది. ఆ విచారణ మొదలు కావడానికి సరిగ్గా ఒక్కరోజు ముందు, ఆగస్టు 5న, జమ్ము కశ్మీర్ ప్రత్యేక ప్రతిపత్తిని రద్దు చేశారు. దాని మీది అర్జీలను అదే నెలలో ఐదుగురు న్యాయమూర్తులకు నివేదించారు. 2020 మార్చి తరువాత మూడేళ్లకు పైగా ఆ కేసు కదలలేదు. 2023 ఆగస్టులో వాదనలు విన్నారు. ఆ లోపల నేల మీద మార్చవలసినవన్నీ మార్చేశారు. ఇది మన సముదాయానికే పరిమితమైన బాధ కాదు. 2016లో నోట్లు రద్దయితే తీర్పు 2023 జనవరిలో వచ్చింది. అప్పటికి పాత నోటు పిల్లల ఆటవస్తువు.

కర్ణాటక హిజాబ్ కేసులో 2022 అక్టోబరు 13న ఇద్దరు న్యాయమూర్తులు భిన్నమైన తీర్పులు ఇచ్చి, తగిన ధర్మాసనం కోసం ప్రధాన న్యాయమూర్తికి నివేదించారు. 2023లో పరీక్షల ముందు విద్యార్థినుల తరఫు న్యాయవాదులు మళ్లీ మళ్లీ విన్నవించారు. హోలీ సెలవుల తరువాత ధర్మాసనం వేస్తామన్నారు. ఆ ఏటి పరీక్షలు అయిపోయాయి. ధర్మాసనం ఏర్పడనే లేదు. కళాశాల వదిలిన అమ్మాయికి ఆ ధర్మాసనం ఎప్పుడు కూర్చున్నా పోయిన సంవత్సరం తిరిగి రాదు. దళిత ముస్లింలకు, దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కులాల హోదాను నిరాకరించే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మీద 2004 నుండి అర్జీ ఉన్నది. మన ఊళ్లలో మెహతర్ కుటుంబాలను ఎరిగినవారికి ఆ ఆలస్యం ఖరీదు వేరే చెప్పనక్కరలేదు.

ఇక మనలో మనం దాపరికం లేకుండా మాట్లాడుకోవలసిన సంగతి. బీసీ–ఈ కేసు గురించి ప్రస్తావించినప్పుడల్లా మన పెద్దలలో కొందరు, “మియా, దానిని కదపకండి, స్టే ఉన్నది, పిల్లలు చదువుకుంటున్నారు, నిద్రపోనివ్వండి” అంటారు. ఆ మాటలో భయమే కాదు, వివేకమూ ఉన్నది. ధర్మాసనంలో ఎవరు కూర్చుంటారో తెలియనప్పుడు తేదీని కోరుకోవడం జూదమే. కౌన్సెలింగ్ కాలంలో తల్లిదండ్రులు మా దగ్గరికి వచ్చి ఈ ఏడాది రిజర్వేషన్ ఉంటుందా అని అడిగినప్పుడు, ఉంటుందని ధైర్యం చెప్పేది ఆ మధ్యంతర ఉత్తర్వును చూసే. అయినా నేను ఆ పెద్దల పక్షాన నిలవలేను. ఆలస్యం మనకు అనుకూలించిన చోట ఊరుకుని, అనుకూలించని చోట అన్యాయమని గోలపెడితే మన వాదానికి విలువ ఉండదు. అంతకంటే ముఖ్యం, కేసు నిద్ర లేచే రోజును మనం ఎంచుకోలేము. ఎన్నికల సభలలో ఈ 4 శాతం తీసివేస్తామన్న ప్రకటనలు విన్నాము. ఎవరో ఒకరు ఒక ఉదయం విన్నవిస్తే నెల తిరగకుండా అది జాబితాలోకి రావచ్చును. ఆనాటికి మన వెనుకబాటుతనానికి సంబంధించిన లెక్కలు 2007 నాటివే అయి ఉంటే వాదించవలసిన వకీలు చేతులు ఖాళీ.

కోర్టును మనం అడగవలసినది అనుకూలమైన తేదీని కాదు. రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించిన కేసులు ఏ క్రమంలో విచారణకు వస్తాయో, ఆ క్రమాన్ని దాటి ఒకటి ముందుకు వస్తే కారణమేమిటో రాతపూర్వకంగా ప్రకటించాలి. మధ్యంతర ఉత్తర్వు మీద నడిచే హక్కులకు, స్టే నిరాకరించడంతో కోలుకోలేని నష్టం జరిగే కేసులకు గడువు ఉండాలి. వ్యక్తి స్వేచ్ఛకు సంబంధించిన కొత్త అర్జీలు లోపాలు సరిదిద్దిన రెండు పనిదినాలలో తమంతట తామే జాబితాలోకి రావాలని 2025 డిసెంబరు నుండి అమలులోకి తెచ్చిన పద్ధతి ఈ దిశలో మంచి అడుగు. అటువంటిదే రాజ్యాంగ ధర్మాసన కేసులకూ కావాలి, ప్రధాన న్యాయమూర్తి మారినా మారని నియమంగా.

మన సంఘాల పని వేరే ఉన్నది. సుప్రీంకోర్టు వెబ్‌సైటులో డైరీ నంబరు కొట్టి కేసు స్థితిని, ప్రతి సాయంత్రం కాజ్‌లిస్టును చూడగల యువకుడు ఒక్కడైనా ప్రతి జిల్లా సంఘంలో ఉండాలి. రాజ్యాంగ ధర్మాసనాల విచారణలు 2022 సెప్టెంబరు నుండి ప్రత్యక్ష ప్రసారమవుతున్నవి, అవి చూసి నేర్చుకోవచ్చును. 14 వర్గాల చదువు, కొలువు, ఆదాయాల లెక్కలను రెండు రాష్ట్రాలలోనూ వేరువేరుగా ఇప్పటి నుండే కూర్చాలి. ప్రభుత్వాలు చేయించిన కుల సర్వేల వివరాలను సమాచార హక్కు దరఖాస్తులతో అడగాలి. ఇక సుప్రీంకోర్టులో ఏ కాగితం వేయాలన్నా అడ్వొకేట్ ఆన్ రికార్డు ద్వారానే వేయాలి. 2010లో వకాల్తా తీసుకున్నవారు ఇంకా వృత్తిలో ఉన్నారో లేదో, ఫైళ్లు ఎవరి దగ్గర ఉన్నవో ఈ కేసులో కక్షిదారులుగా చేరిన సంఘాలు ఈ నెలలోనే విచారించి తెలుసుకోవాలి.