బల్ల దగ్గర చోటెవరికి?

కొత్త హోటల్ తెరిచారంటే బెజవాడ వాళ్లు ఊరుకోరు. బాబాయ్ హోటల్లో వెన్న ఇడ్లీ తిని పెరిగిన నగరమిది. ఇప్పుడు బందరు రోడ్డు పొడవునా, బెంజి సర్కిల్ చుట్టుపక్కలా దేశదేశాల వంటకాలు దొరుకుతున్నాయి. పిజ్జా, బర్గర్ పాతబడ్డాయి. మెక్సికో వాళ్ల టాకో వంతు వచ్చింది. హైదరాబాద్‌లోనైతే టాకోతో పాటు ఆ దేశపు మద్యం టెకీలా కూడా వడ్డించే రెస్టారెంట్లు ఉన్నాయి. ఉద్యోగాలకు అక్కడికి వెళ్లిన మన పిల్లలు పండుగలకు వచ్చినప్పుడు ఆ కబుర్లు చెబుతుంటారు. "అయ్యగారూ, మందు అమ్మే చోట కూర్చుని భోంచేయొచ్చా? పిల్లల్ని వెళ్లనివ్వమంటారా?" అని తల్లిదండ్రులు అడుగుతారు. పెద్దవాళ్లు 'వద్దు' అన్న మాట కోసం, పిల్లలు 'తప్పేముంది' అన్న మాట కోసం ఎదురు చూస్తారు. ఒక్క మాటలో తేలే ప్రశ్నే అయితే పౌలు దీనికోసం కొరింథీయులకు మూడు అధ్యాయాలు రాసి ఉండేవాడు కాదు (1 కొరింథీ 8-10).

కొరింథు రెండు రేవుల మధ్య వెలసిన వ్యాపార పట్టణం. డబ్బుకూ విందులకూ అక్కడ కొదవ లేదు. అస్క్లేపియోస్ అనే గ్రీకు దేవుడి ఆలయాన్ని అక్కడ తవ్వినప్పుడు దానికి ఆనుకుని మూడు భోజనపు గదులు బయటపడ్డాయి. ఒక్కో గదిలో పదకొండు మంది ఒరిగి భోంచేసేలా గోడల వెంట ఏర్పాట్లున్నాయి. పుట్టినరోజైనా, ఇంట్లో మరే శుభకార్యమైనా అలాంటి చోట్ల విందులు జరిగేవి. మన ఫంక్షన్ హాలూ, రెస్టారెంటూ కలిస్తే ఎలా ఉంటుందో అలా అన్నమాట. స్నేహితుడు పిలిస్తే కొత్తగా క్రీస్తును నమ్మినవాడు అక్కడికి వెళ్లాలా, మానాలా? ఇదీ సంఘంలో వచ్చిన తగువు. 'ఆహారం ఆహారమే, దానివల్ల మనకేమీ కాదు' అని చదువుకున్నవారు వాదించారు. పౌలు ఆ వాదనను కొట్టిపారేయలేదు. అంగట్లో అమ్మేది ఆరా తీయకుండా కొని తినమన్నాడు. భూమి మీద పండేదంతా ప్రభువుదేనని కూడా గుర్తు చేశాడు.

ఆ లెక్కన టాకోను చూసి భయపడాల్సిన పని లేదు. అసలది మనకు అంత పరాయిదీ కాదు. మొక్కజొన్న గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, కడిగి, రుబ్బి చేసే పల్చని రొట్టెను టోర్టియా అంటారు. అందులో మాంసమో, ఉడికించిన చిక్కుడు గింజలో పెట్టి, మిరపకాయల పచ్చడి వేసి మడిస్తే టాకో. జొన్నరొట్టెలో కూర చుట్టుకుని తిన్న మన తాతలకు ఇందులో వింతేమీ కనిపించదు. పైగా గుంటూరు యార్డును ఎర్రగా నింపేసే మిరప ఆ మెక్సికో ప్రాంతపు పంటే. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు వారి ఓడల మీద మన దేశానికి వచ్చింది. మొక్కజొన్న, టమాటా, జామ, సీతాఫలం కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. గోంగూరలో ఎండుమిర్చి వేసుకుంటూ, పక్కవాడు టాకో తింటే 'విదేశీ మోజు' అనడం కుదరదు. యొప్పేలో మిద్దె మీద పేతురుకు వచ్చిన దర్శనం ఆహారంతోనే మొదలైంది. కానీ అది ముగిసింది మాత్రం మనుషుల దగ్గర (అపొ. కార్యములు 10). కొర్నేలీ అనే రోమా సైనికాధికారి గడప తొక్కడానికి, అతడి ఇంట్లో ఉండడానికి పేతురును సిద్ధం చేయడమే ఆ దర్శనం ఉద్దేశం. పళ్లెంలో ఏముందన్నది చిన్న ప్రశ్న. పళ్లెం చుట్టూ ఎవరున్నారన్నది దేవుడు అడిగే ప్రశ్న.

అదే పేతురు తర్వాత అంతియొకయలో తడబడ్డాడు. అన్యజనులతో కలిసి భోంచేస్తున్నవాడు కాస్తా, యెరూషలేము నుంచి కొందరు పెద్దలు రాగానే బల్ల దగ్గర నుంచి లేచి వెనక్కి తగ్గాడు. పౌలు దాన్ని మర్యాదకు సంబంధించిన విషయంగా తీసుకోలేదు. అందరి ముందూ నిలదీశాడు (గలతీ 2). కలిసి తినడం మానేస్తే సువార్తనే కాదన్నట్టని ఆయన వాదన.

ఈ మాట కృష్ణా డెల్టా వాళ్లకు వివరించి చెప్పాల్సిన అవసరం లేదు. రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య 1859లో బాప్తిస్మం పొందిన నాటి నుంచి ఇక్కడ సువార్త ఎక్కువగా వేళ్లూనుకున్నది ఊరికి ఎడంగా నెట్టేసిన పేటల్లోనే. ఆ పేటల మనుషులకు టీ హోటల్లో వేరే గ్లాసు ఉండేది. తాగిన గ్లాసు తామే కడిగి పెట్టాలి. లోపల బెంచీ ఖాళీగా ఉన్నా బయట నేల మీదే కూర్చోవాలి. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణంలో హోటళ్లనూ, దుకాణాలనూ పేరు పెట్టి చెప్పి, కులాన్ని బట్టి ఎవర్నీ అడ్డుకోకూడదంది. ప్రపంచంలోని పెద్ద చట్టాల్లో ఒకటి హోటల్ గురించి మాట్లాడిందంటే, ఆ బెంచీ మీద చోటుకు ఎంత విలువుందో ఆలోచించండి. 1955లో అంటరానితనాన్ని నేరంగా శిక్షించే చట్టం వచ్చింది. అంతకు ముందే ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా అన్ని కులాల వారినీ ఒక పంక్తిలో కూర్చోబెట్టి భోజనాలు పెట్టించారు. దేవుణ్ని నమ్మని మనిషి చేసిన ఆ పని, దేవుణ్ని నమ్మిన పేతురు అంతియొకయలో చేయలేకపోయిన పనే.

అందుకే ఆ పేటల మనవళ్లు, మనవరాళ్లు ఇవాళ బందరు రోడ్డులో ఏసీ హోటల్లోకి తల ఎత్తుకుని వెళ్లి, మెనూ అడిగి తెప్పించుకుని, నచ్చింది తింటుంటే నాకు సంతోషంగానే ఉంటుంది. దాన్ని లోకాశ అని కొట్టిపారేయను. అయితే అక్కడే మరో దృశ్యం కూడా కనిపిస్తుంటుంది. కుటుంబమంతా బల్ల చుట్టూ కూర్చుని ఉంటారు. ఆ ఇంటి పసిబిడ్డను ఎత్తుకుని ఒక పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లో, నడివయసు ఆయమ్మో గోడ పక్కన నిలబడి ఉంటుంది. కింద కారులో డ్రైవరు కూర్చుని ఉంటాడు. వాళ్ల కోసం చివర్లో ఏదో ఒకటి పార్సిల్ కట్టిస్తారు. తినే ముందు ప్రార్థన చేసే కుటుంబాలు కూడా ఇందుకు మినహాయింపు కాదు. రెండు గ్లాసుల పద్ధతి పోయిందనుకుంటున్నాం. బల్ల దగ్గర కుర్చీ ఉండీ ఒక మనిషిని నిలబెట్టే పద్ధతికి మరో పేరేముంది? మందు ఉన్న హోటల్‌కు వెళ్లొచ్చా అని అడిగినవారెందరో ఉన్నారు. ఆయమ్మను పక్కన కూర్చోబెట్టుకోవాలా అని మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు.

ఇక గ్లాసు సంగతి. టెకీలా అన్నది మెక్సికోలోని హాలిస్కో రాష్ట్రంలో ఒక ఊరి పేరు. మన దగ్గర రైలు పట్టాల వెంట, చేల గట్ల మీద కంచెగా పెరిగే కిత్తనార జాతి మొక్క నుంచే ఆ మద్యం తీస్తారు. ఏళ్ల తరబడి పెరిగిన మొక్క ఆకులు నరికి, నడుమనుండే పెద్ద దుంపలాంటి భాగాన్ని కాల్చి, నలిపి, ఆ రసాన్ని పులియబెట్టి బట్టీ పడతారు. మెక్సికో చట్టం ప్రకారం అందులో ఆల్కహాల్ 35 నుంచి 55 శాతం దాకా ఉండొచ్చు. మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో కూడా కిత్తనార నుంచి మద్యం తీసే కర్మాగారం వెలిసింది. కనుక టెకీలాను విదేశీ పాపమని, ఇక్కడి సారాను స్వదేశీ బలహీనత అని విడదీయలేం.

'కానా పెళ్లిలో ప్రభువు నీళ్లను ద్రాక్షారసంగా మార్చాడు కదా, కడుపునొప్పికి కాస్త పుచ్చుకోమని పౌలు తిమోతికి రాశాడు కదా' అని యువకులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బైబిల్ ద్రాక్షారసాన్ని పాపమని ఎక్కడా చెప్పలేదు, మత్తును మాత్రం ఖండించింది. ఆ కాలపు గ్రీకు, రోమా విందుల్లో ద్రాక్షారసంలో నీళ్లు కలిపే తాగేవారు. మద్యాన్ని బట్టీ పట్టి ఘాటు పెంచే పద్ధతి ఆ తర్వాత ఎన్నో శతాబ్దాలకు గానీ వాడుకలోకి రాలేదు. కానా గిన్నెను చూపించి టెకీలా గ్లాసును సమర్థించడం చరిత్రకు నిలవదు. అయినా నా అభ్యంతరానికి అసలు కారణం అది కాదు. తాగినవాడు నరకానికి పోతాడని బెదిరించడం నా ఉద్దేశం అంతకన్నా కాదు. నా అభ్యంతరం పక్క కుర్చీలో కూర్చున్న మనిషి గురించి.

మన తెలుగునాట గ్లాసుకు ఒక చరిత్ర ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడ్డారు. అక్షరాలు దిద్దుకోవడానికి రాత్రి బడికి వచ్చినవారు, కూలి డబ్బులు ఇంటికి ఎందుకు చేరడం లేదో మాట్లాడుకుంటూ మాట్లాడుకుంటూ ఉద్యమమయ్యారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరులో సారాను నిషేధించారు. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997 ఏప్రిల్‌లో దాన్ని ఎత్తేశారు. చట్టం వస్తుంది, పోతుంది. ఆ తల్లులు అడిగిన ప్రశ్న మాత్రం పోలేదు. ఆ తల్లుల బిడ్డలే ఇవాళ ఐటీ కంపెనీల్లో, బ్యాంకుల్లో, ఆస్పత్రుల్లో పనిచేస్తున్నారు. సాయంత్రం టీమంతా కలిసి భోజనానికి వెళ్తుంటే వాళ్లూ వెళ్తారు.

అలాంటి బల్ల ఒకటి ఊహించండి. ఎనిమిది మంది కూర్చున్నారు. అందులో ఒక తమ్ముడు మందు మానేసి ఏడాది అయింది. ఆ సంగతి అక్కడ ఎవరికీ తెలియదు, చెప్పుకోలేడు. చిన్న గ్లాసులు, ఉప్పు, నిమ్మచెక్కలు వచ్చాయి. 'ఒక్కటే కదరా, ఏమీ కాదు' అన్నారెవరో. మిగతా ఏడుగురికీ అది నిజంగా ఏమీ కాకపోవచ్చు. అతడికి మాత్రం ఆ ఒక్కటి ఒక్కటిగా ఆగదు. వ్యసనం నుంచి బయటపడిన ఎవర్నడిగినా ఈ మాటే చెబుతారు. అప్పుడు అతడి చూపు ఆ బల్ల దగ్గర ఉన్న మరో విశ్వాసి మీదికి వెళుతుంది. ఆ విశ్వాసి గ్లాసు ఎత్తితే, ఇతడికి ఆధారం పోయినట్టే. ఆ విశ్వాసి నవ్వుతూ 'నాకు నిమ్మకాయ సోడా చెప్పండి' అంటే, ఇతడు కూడా 'నాకూ అదే' అనగలడు. ఒక ఇల్లు నిలబడటానికి ఆ రాత్రి అంతే చాలు. తనకు హక్కున్నా, సోదరుడు పడిపోయేటట్లైతే మాంసమే ముట్టనని పౌలు అన్నది ఇందుకే. స్వేచ్ఛ లేక మానుకోవడం భయం. స్వేచ్ఛ ఉండీ మరొకరి కోసం మానుకోవడం ప్రేమ. సోడా చెప్పి ఊరుకుంటే చాలు. తాగేవాళ్లకు అక్కడే ప్రసంగం చేయనక్కర్లేదు. సుంకరులతో, పాపులతో భోంచేసిన ప్రభువును తిండిపోతు, తాగుబోతు అన్నారు జనం. ఆయన వాళ్ల బల్లను విడిచి వెళ్లలేదు.

బిల్లు సంగతి కూడా ఒక మాట. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలీ రోజుకు 300 రూపాయలు. నలుగురు కలిసి అలాంటి హోటల్లో తింటే ఎన్ని రోజుల కూలీ అవుతుందో ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు. తినడం మానేయమని కాదు నా మాట. కొరింథులో కలిగినవారు ముందే వచ్చి కడుపునిండా తిని, తాగేవారు. పని ముగించుకుని ఆలస్యంగా వచ్చిన పేదలకు ఏమీ మిగిలేది కాదు. ప్రభువు బల్ల గురించి పౌలు రాసిన అతి కఠినమైన మాటలు దీని మీదే (1 కొరింథీ 11). ఒకరి కోసం ఒకరు ఆగండి అన్నదే ఆయన చెప్పిన పరిష్కారం.

కనుక తల్లిదండ్రులకు నా జవాబు ఇది. పిల్లల్ని వెళ్లనివ్వండి, వీలైతే మీరూ వెళ్లండి. టాకో తినండి, నచ్చకపోతే ఇంటికొచ్చి పెరుగన్నం తినండి. గ్లాసును మాత్రం ముట్టకండి. ఎందుకు ముట్టవద్దో పిల్లలకు దూబగుంట కథతో చెప్పండి, నరకం పేరుతో కాదు. వడ్డించే కుర్రాణ్ని 'ఏయ్' అని పిలవకండి, అతడూ ఏదో ఊళ్లో ఒక తల్లి బిడ్డే. డ్రైవరును కారు తాళం వేసి పైకి రమ్మనండి. ఆయమ్మ చేతిలోని బిడ్డను మీరు ఎత్తుకుని, ఆమెను కూర్చోమనండి. ఏం తింటావమ్మా అని అడిగి, ఆమె చెప్పాకే మీది చెప్పండి.