ఇంటర్వెల్ కబుర్లు: గడ్డం తియ్యాల్నా, ఉంచుకోవాల్నా?

ఫలానా హీరోయిన్ పెళ్లెప్పుడు, ఫలానా హీరో పారితోషికమెంత అని అడిగినవాళ్లు ఈ వారం కూడా బోలెడుమంది. వాళ్లందరికీ జవాబులు వచ్చేవారం. కోప్పడకండి! దేవరకొండ వైపు నుంచి ఓ తమ్ముడు రాసిన నాలుగు లైన్లు మిగతా ఉత్తరాలన్నిటినీ పక్కన పెట్టించాయి మరి.

"అన్నా, నాకు అమెరికాల ఎమ్మెస్ సీటొచ్చింది. వీసా గూడ అయ్యింది. అర్జున్ రెడ్డి చూసినకాంచి గడ్డం పెంచుతున్న. ఇప్పుడు మా అమ్మేమో, గడ్డం తీసి పో బిడ్డా, ఆడ నిన్ను సాయబు అనుకొని ఏమన్న చేస్తరు అని ఒకటే ఏడుపు. తియ్యాల్నా, ఉంచుకోవాల్నా? నువ్వే చెప్పు."

పైకి నవ్వొచ్చే ప్రశ్న. లోపల మాత్రం నవ్వులాట కాదు.

మన సినిమాల్లో గడ్డం చాలా వేషాలే వేసింది. 1953లో అక్కినేని 'దేవదాసు'గా మాసిన గడ్డంతో దగ్గుతూ కనబడ్డాక, గడ్డమంటే ప్రేమ చెడినవాడి గుర్తు. కాలేజీ కుర్రాడు నాలుగు రోజులు గీసుకోకపోతే "ఏరా, ఎవరా పార్వతి?" అని ఏడిపించేవాళ్లు. ఆ తరవాత ఎర్ర సినిమాల కాలమొచ్చి గడ్డం విప్లవానికి చేరింది. 2017 ఆగస్టు 25న 'అర్జున్ రెడ్డి' విడుదలైంది. అదీ ప్రేమ చెడిన గడ్డమే! కాని ఈసారి జనం జాలిపడలేదు, కాపీ కొట్టారు. ఆ హీరో ఇంటిపేరేమో నల్లగొండ జిల్లా ఊరిది, తండ్రిగారి సొంతూరేమో పాత పాలమూరు జిల్లాలోని తుమ్మన్‌పేట. రెండు జిల్లాల కుర్రాళ్లూ మావాడంటే మావాడన్నారు. 2018లో 'రంగస్థలం' రామ్ చరణ్, 2021 డిసెంబరులో గడ్డం కింద చెయ్యి రాసుకుంటూ 'పుష్ప' అల్లు అర్జున్... ఇక చెప్పేదేముంది! మంగలి షాపులో కత్తికి పని తగ్గింది, ట్రిమ్మర్‌కి పెరిగింది.

కాని తెర మీది గడ్డం వేరు, రోడ్డు మీది గడ్డం వేరు. తెర మీద దాన్ని చూసి ఈల వేస్తారు. రోడ్డు మీద దాన్ని చూసి ఒకడు పక్కకి తప్పుకుంటాడు, ఇంకొకడు తుపాకీ తీస్తాడు.

అతిశయోక్తి కాదు తమ్ముడూ. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ టవర్లు కూలాయి. సరిగ్గా నాలుగు రోజులకి అరిజోనా రాష్ట్రం మీసా ఊళ్లో బల్బీర్ సింగ్ సోధీ అనే సిక్కును ఆయన పెట్రోల్ బంకు ముందే కాల్చి చంపారు. గడ్డం, తలపాగా... అంతే ఆయన నేరం! ముస్లింల మీద ద్వేషంతో జరిగిన సంఘటనలు ఎఫ్.బి.ఐ. లెక్కల్లో 2000లో 28 ఉంటే, 2001లో 481 అయ్యాయి. అవి పోలీసు రికార్డు దాకా వచ్చినవి మాత్రమే. కాబట్టి మీ అమ్మగారి ఏడుపు ఉత్త చాదస్తమని కొట్టిపారెయ్యకు. ఆమె భయానికి ఆధారం ఉంది.

మరి గడ్డం తీసేస్తే ఆ భయం తీరుతుందా? అసలు కథ ఇక్కడే ఉంది.

'అర్జున్ రెడ్డి' వచ్చిన ఏడాదిలోనే, ఆరు నెలల ముందు, ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేథ్‌లో ఇద్దరు తెలుగు ఇంజనీర్లు ఆఫీసు అయ్యాక ఓ బార్లో కూర్చున్నారు. ఒకరు శ్రీనివాస్ కూచిభొట్ల, వయసు 32. రెండో ఆయన అలోక్ మాడసాని. ఇద్దరూ గార్మిన్ కంపెనీలో పనిచేసేవాళ్లు. ఆడమ్ ప్యూరింటన్ అనే వాడొచ్చి, మీరేదేశం వాళ్లు, ఏ వీసా మీద వచ్చారని గొడవకు దిగాడు. బార్ వాళ్లు బయటికి పంపేశారు. తుపాకీతో తిరిగొచ్చాడు. మా దేశం నుంచి పొండని అరుస్తూ కాల్చాడు. శ్రీనివాస్ చనిపోయారు. అలోక్ గాయాలతో బతికారు. అదే బార్లో ఉన్న ఇయాన్ గ్రిలట్ అనే 24 ఏళ్ల అమెరికన్ కుర్రాడు హంతకుణ్ణి పట్టుకోబోయి తనూ తూటా తిన్నాడు. పారిపోయిన ప్యూరింటన్ మరో ఊళ్లో, ఇద్దరు ఇరానీలను కాల్చానని చెప్పుకున్నాడు. 2018లో నేరం ఒప్పుకున్నాడు. వాళ్ల జాతి, రంగు, మతం, దేశం ఏవని తాననుకున్నాడో వాటి కారణంగానే కాల్చానన్నాడు. యావజ్జీవ శిక్షలు పడ్డాయి.

ఇప్పుడు ఆలోచించు. అలాంటివాడు రూపు చూస్తాడు, రంగు చూస్తాడు, యాస వింటాడు. ఇందులో బ్లేడుకు అందేది ఏది? గడ్డం గీసుకోవచ్చు, రంగును గీసుకోలేం కదా! ఆ హత్య తరవాత, నలుగురిలో తెలుగు మాట్లాడొద్దు, ఇంగ్లీషే మాట్లాడండి అని అమెరికాలోని తెలంగాణవాళ్ల సంఘమొకటి జాగ్రత్తలు చెప్పింది. మంచికే చెప్పారు, తప్పుపట్టను. కాని మొదట గడ్డం, తరవాత భాష, తరవాత బొట్టు, ఆ పైన పేరు... ఈ తీసెయ్యడం ఎక్కడ ఆగుతుంది? 2009 ఆగస్టులో నెవార్క్ విమానాశ్రయంలో షారుఖ్ ఖాన్‌ను ఆపి ప్రశ్నలడిగారు. ఆయన నిలబడిపోయింది గడ్డం వల్ల కాదని, తన ఇంటిపేరు వల్లేనని అప్పుడే అందరూ అనుకున్నారు.

ఇంకో మాట, ఇది మరీ ముఖ్యం. సోధీగారి విషయంలోనూ, శ్రీనివాస్ విషయంలోనూ మనవాళ్లు గబుక్కున అనే మాట ఒకటుంది. "అయ్యో, పొరబడి చంపేశారు" అని. పొరబడ్డారా? అంటే, నిజంగా ఇరానీ అయ్యుంటే చంపొచ్చా? నిజంగా ముస్లిం అయ్యుంటే ఒప్పయ్యేదా? ఎవరూ ఆ అర్థంతో అనరు, నాకు తెలుసు. కాని "నేను వాడిని కాను బాబోయ్" అని గడ్డం తీసినప్పుడు, వాడి మెడ మీద కత్తి అలాగే ఉంచి మనం పక్కకి తప్పుకున్నట్టు కాదూ?

అమెరికాదాకా ఎందుకు, మన ఇంటి సంగతి చూద్దాం. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు పెద్దవాళ్లను అడుగు. నల్లమలలో అన్నలు తిరిగే రోజుల్లో గడ్డం, భుజాన సంచీ ఉన్న కుర్రాడంటే ఎంత అనుమానంగా చూసేవారో చెబుతారు. ఆ చూపు ఎట్లా ఉంటుందో పాలమూరుకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలింది. ఆ తరవాత పోలీసులు పట్టుకున్న ముస్లిం కుర్రాళ్లలో ఎందరినో కోర్టులు నిర్దోషులని వదిలేశాయి. వదిలేశాయి సరే, పోయిన రోజులు? ఈనాటికీ ఊళ్లో "టు లెట్" బోర్డు చూసి వెళ్లిన కుర్రాడికి గడ్డాన్ని, పేరును బట్టి గది లేదనే ఇంటివాళ్లు లేరా? బస్సులో పక్క సీటు ఖాళీగా ఉన్నా నిలబడేవాళ్లు లేరా?

తమాషా ఏమిటంటే, మన నల్లగొండలో గడ్డం చూసి గానీ పేరు విని గానీ మతం చెప్పడం ఎవరి తరమూ కాదు. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుని పుట్టిన పిల్లలకు సైదులు అని పేరు పెట్టుకున్న హిందువులు ఊరూరా ఉన్నారు. యాదగిరి గుట్టకు మొక్కుకుని గడ్డం పెంచినవాళ్లున్నారు. అయ్యప్ప మాలలో 41 రోజులు గీసుకోనివాళ్లున్నారు. మసీదు నుంచి వచ్చే గడ్డం, మాలలోని గడ్డం, అర్జున్ రెడ్డి గడ్డం ఒకే హోటల్లో ఒకే బల్ల మీద చాయ్ తాగుతాయి. ఇంత మంచి ఊరి నుంచి పోతున్నవాడివి నువ్వు!

ఇక నీ ప్రశ్నకు జవాబు. తీసినా తప్పులేదు, ఉంచినా గొప్పలేదు. పరాయి దేశంలో ఒంటరిగా ఉండే కుర్రాణ్ణి "ధైర్యంగా ఉండు" అని ఇక్కడ కుర్చీలో కూర్చుని పురమాయించడం సులభం. ఆ పని నేను చెయ్యను. దురద పెడుతోందా, తీసెయ్. నీ మొహానికి నప్పలేదా, తీసెయ్. ప్రయోగశాలలోనో ఫ్యాక్టరీలోనో గాలి చొరకుండా బిగించే మాస్కు పెట్టుకునే పని దొరికిందా, తియ్యక తప్పదు, అక్కడ నియమం అది. మతం కోసం పెంచిన గడ్డానికి ఉద్యోగాల్లో 1964 నాటి పౌరహక్కుల చట్టం అండ ఉంది. ఫ్యాషన్ గడ్డానికి ఆ అండ లేదు, అదీ గుర్తుపెట్టుకో. వీసా ఫొటోలో ఎట్లా ఉన్నావో విమానం దిగేటప్పుడు ఇంచుమించు అట్లాగే ఉంటే ఆఫీసరుకు పని తేలిక, నీకు నిలబడే బాధ తక్కువ.

జాగ్రత్తలు మాత్రం గడ్డం ఉన్నా లేకున్నా ఒకటే. ఎవడైనా నీ దేశమేదని కయ్యానికొస్తే మాటకు మాట అనకు, అక్కడి నుంచి లే. బెదిరిస్తే 911కి ఫోన్ చెయ్. జరిగింది కాలేజీలో చెప్పు, దాచుకోకు.

అయితే ఒక్క కారణంతో మాత్రం తియ్యొద్దంటాను. "నేను సాయబును కాను" అని లోకానికి రుజువు చెయ్యడానికి తియ్యొద్దు. ఆ రుజువు ఎవరూ అడగకూడదు, ఎవరూ ఇవ్వకూడదు. ఒకవేళ భయమేసి తీసేశావే అనుకో, సిగ్గుపడాల్సిన పని లేదు. కాని అక్కడి బస్సులో గడ్డమున్న మరొకడు ఒంటరిగా కూర్చుని ఉంటే, వాడి పక్క సీటు ఖాళీ పెట్టకు. వెళ్లి కూర్చో.

మీ అమ్మగారికి ఇయాన్ గ్రిలట్ సంగతి కూడా చెప్పు. తుపాకీ పట్టినవాడు ఆ బార్లోనే ఉన్నాడు, తుపాకీకి అడ్డం వెళ్లినవాడూ ఆ బార్లోనే ఉన్నాడు. హ్యూస్టన్‌లోని భారతీయులు అతను ఇల్లు కొనుక్కోవడానికి 2017లోనే లక్ష డాలర్లు పోగుచేసి ఇచ్చారు. ఆమెకు కాస్త నిద్ర పడుతుంది. వారం వారం వీడియో కాల్ చెయ్యి. గడ్డం ఉందో లేదో ఆమే చూసుకుంటుంది!