కర్తృనామం కాలనిర్ణయం కాదు: యీజింగ్ నుంచి కూర్మవిభాగం దాకా

శకునగ్రంథాల కర్తృత్వ చర్చలో రెండు ధోరణులు కనిపిస్తాయి. ప్రతి చివర గర్గుని పేరో వరాహమిహిరుని పేరో ఉంటే దానినే కర్తృనిర్ణయంగా స్వీకరించడం మొదటిది. ఆ పేరు నిలవదని తేలగానే గ్రంథాన్ని కూటరచనగా త్రోసిపుచ్చడం రెండవది. పరస్పర విరుద్ధాలుగా తోచే ఈ రెండింటికీ మూలం ఒకే భ్రమ: ప్రతి గ్రంథానికీ ఒకే కర్త, ఒకే కాలం ఉండి తీరాలన్నది.

చీనా శకునగ్రంథమైన యీజింగ్ చరిత్ర ఈ భ్రమను ఖండిస్తుంది. సంప్రదాయం ప్రకారం మూడేసి గీతల ఎనిమిది చిహ్నాలు ఫూషీవి. ఆరేసి గీతల 64 చిహ్నాల వాక్యాలు వెన్ రాజువి. ఒక్కొక్క గీతకు చెప్పిన వాక్యాలు జౌ ప్రభువువి. ‘పది రెక్కలు’ అనే వ్యాఖ్యానాలు కన్ఫ్యూషియస్‌వి. ఆ వ్యాఖ్యానాలలో అధికభాగం కన్ఫ్యూషియస్‌ది కాదనీ, ఒకే వ్యక్తి రచనే కాదనీ 11వ శతాబ్దిలోనే ఓయాంగ్ షియు వాదించాడు. అయినా మూలగ్రంథంపై ఆయన గౌరవం సడలలేదు. క్రీ.పూ. 168 నాటి మావాంగ్‌దూయి సమాధిలో 1973లో దొరికిన పట్టువస్త్రపు ప్రతిలో చిహ్నాల క్రమమే వేరు. గ్రంథం అప్పటికింకా ఏకరూపం పొందలేదన్నమాట. కర్తృనామాలు సందేహాస్పదమైనా యీజింగ్ విలువ తగ్గలేదు. దాని పొరలు తెలిసివచ్చాయి.

ఇటువంటి వివేకం మనకు కొత్త కాదు. శ్రీకూర్మ స్థలపురాణం క్షేత్రోత్పత్తిని కృతయుగానికీ శ్వేతరాజు తపస్సుకూ ముడిపెడుతుంది. ఆలయంలోని నరహరితీర్థుల శాసనం శక 1203, అంటే క్రీ.శ. 1281 నాటిది. ఒకటి భక్తుల దృష్టిలో క్షేత్రమహిమను చెబుతుంది. మరొకటి కాలాన్ని చెబుతుంది. ఏదీ రెండవదానికి బదులు కాదు. శాసనాల విషయంలో పాటించే ఈ విచక్షణ శకునగ్రంథాల దగ్గర ఎందుకు లోపించాలి?

బృహత్సంహిత 14వ అధ్యాయమైన కూర్మవిభాగాన్నే చూడండి. భారతవర్షాన్ని తొమ్మిది భాగాలు చేసి, ఒక్కొక్కదానికి మూడేసి నక్షత్రాలను కేటాయించి, ఆ నక్షత్రపీడను బట్టి దేశఫలం చెప్పే విధానమది. శ్రీకూర్మమున్న కళింగం అందులో ఆగ్నేయభాగం. వరాహమిహిరుడు తన గ్రంథంలో గర్గ పరాశరాదుల పేర్లు దాచలేదు. మార్కండేయ పురాణంలోనూ కూర్మవిభాగం ఉంది. సంకలనకర్తను ఆద్యకర్తగా నిలబెట్టడం ఆయన మాటనే కాదనడం.

చీనాలో తాబేటి చిప్పల శకునం, ఇక్కడ కూర్మం ఉన్నాయని రెండింటినీ కలిపే ఉత్సాహమూ తగదు. అక్కడ వేడికి చిట్లిన చిప్ప బీటలను చదివారు. ఇక్కడ కూర్మం దేశపటం. గర్గుని పేర చెల్లే పాశకకేవలిలోనూ ఫలాలు 64 కదా అనవచ్చు. నాలుగు ముఖాల పాచికను మూడుసార్లు వేసినా, రెండు రకాల గీతలను ఆరు వరుసలుగా పేర్చినా వచ్చేది 64 రూపాలే. గణితం ఇచ్చిన సామ్యానికి వలసకథ అల్లరాదు.

బల్లిశాస్త్రం, కుక్కుటశాస్త్రం వంటి వాటికి ‘శుద్ధప్రతి’ని కల్పించడం పరిష్కరణ కాదు. ఒక్కొక్క ప్రతిలోని లేఖకుని గద్య, సంవత్సరనామం, పద్యక్రమం, పాఠభేదాలు యథాతథంగా నమోదు కావాలి. ముఖపత్రంపై ఋషి పేరు నిలిపి లేఖకుని గద్యను వదిలే పరిష్కర్త, గ్రంథాన్ని తరతరాలుగా పెంచిన తెలుగువారినే చెరిపివేస్తున్నాడు.