మూడో జట్టుకూ ఒక మైదానం



మొన్నటి పేరెంట్-టీచర్ మీటింగ్‌లో నా కంటే ముందు నిలబడిన ఒక తండ్రి క్లాస్ టీచర్‌ని ఇలా అడిగారు: "మేడమ్, వారానికి రెండు గేమ్స్ పీరియడ్లు అవసరమా అండీ? ఒకటి మ్యాథ్స్‌కి ఇచ్చేస్తే పోదా?" టీచర్ ఏం చెప్పాలో తోచక నవ్వి ఊరుకున్నారు.

ఆయన్ని నేను తప్పుపట్టడం లేదు. నేను కూడా దాదాపు అదే మాట చెప్పాలని వెళ్ళాను. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. వచ్చే ఏడాది నుంచి ఫౌండేషన్ క్లాసులు పెంచాలి కాబట్టి సాయంత్రం ఖో-ఖో ప్రాక్టీసు మానిపించాలని ఇంట్లో అనుకున్నాం. ముందురోజు రాత్రి ఆ మాట అమ్మాయితో చెప్పాను కూడా. ఏడుస్తుంది, అలుగుతుంది అనుకున్నాను. అదేమీ లేదు. "సరే నాన్నా. ఎలాగూ నేను ఎక్‌స్ట్రానే కదా" అని పుస్తకం తీసింది.

ఆ 'ఎక్‌స్ట్రానే కదా' అన్న మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఆరేళ్ళ క్రితం ఇదే పిల్ల, వేరే దేశంలో, వేరే ఆటలో, ఆ మాటే తెలియకుండా ఆడింది. ఆ సంగతి మీకు చెప్పాలి.

ఉద్యోగరీత్యా మేము మూడేళ్ళు ఇంగ్లండు ఉత్తర ప్రాంతంలో, యార్క్‌షైర్‌లోని ఒక చిన్న పట్టణంలో ఉన్నాం. ఒకప్పుడు ఉన్ని మిల్లులకు పేరుపడ్డ ఊరు. ఊరి చివర ఒక రగ్బీ క్లబ్బు ఉండేది. రెండు మైదానాలు, ఒక పాత క్లబ్బు భవనం, లోపల పొడవాటి బల్లలు. పాప తరగతిలో సగం మంది ఆదివారం ఉదయం అక్కడికే వెళ్తారని తెలిసి మేమూ తీసుకెళ్ళాం. అప్పుడు దానికి ఏడేళ్ళు.

రగ్బీ అనగానే ఒకరి మీద ఒకరు పడి కుమ్ముకోవడమే మీకు గుర్తొస్తుంది. నాకూ అంతే. కానీ అక్కడ ఎనిమిదేళ్ళ లోపు పిల్లలు ఆడేది ట్యాగ్ రగ్బీ. నడుముకు ఒక బెల్టు, దానికి రెండు పక్కలా రెండు గుడ్డ పట్టీలు. బంతి పట్టుకుని పరుగెత్తే పిల్లను ఆపాలంటే పట్టీ లాగాలి. ఒంటి మీద చెయ్యి వెయ్యకూడదు. ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసే ఆడతారు. ఆ వయసు వాళ్ళకు లీగ్ పట్టికలుండవు.

కోచ్ ఒక ప్లంబర్. జీతం లేదు, ఆయన కొడుకు కూడా ఆ జట్టులోనే ఆడేవాడు. ఆయన చేతిలో ఎప్పుడూ ఒక స్టాప్‌వాచ్, ఒక చిన్న నోటుబుక్కు ఉండేవి. స్కోరు రాసుకుంటున్నాడనుకున్నాను. ఒకరోజు పక్కనుంచి తొంగి చూస్తే పిల్లల పేర్లు, వాటి ఎదురుగా నిమిషాలు ఉన్నాయి. ఇంగ్లండు రగ్బీ యూనియన్ పిల్లల ఆటకు పెట్టిన నియమం అది: మ్యాచ్ రోజు జట్టులోకి తీసుకున్న ప్రతి పిల్లకూ కనీసం సగం ఆట దక్కాలి.

ఒక ఆదివారం పక్క ఊరి జట్టుతో మ్యాచ్. రెండు జట్లూ సమానంగా ఉన్నాయి, ఇంకా కొద్ది నిమిషాల ఆట మిగిలింది. మా జట్టులో అందరికంటే వేగంగా పరుగెత్తే బాబుని కోచ్ బయటికి పిలిచి మా అమ్మాయిని లోపలికి పంపాడు. మా అమ్మాయి అంత చురుకైన ఆటగత్తె కాదు. దాని పక్కనుంచే అవతలి పిల్లవాడు దూసుకెళ్ళి బంతిని గీత అవతల నేలకు తాకించాడు. మేము ఓడిపోయాం. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కోచ్ దగ్గరికి వెళ్ళి, "అలాంటప్పుడు మా పాపని పంపకపోతే ఏమైంది?" అని అడిగేశాను. ఆయన నోటుబుక్కు చూపించాడు. "సగం ఆటకి ఇంకా మూడు నిమిషాలు తక్కువయింది" అన్నాడు. అంతకు మించి ఆయన దగ్గర వివరణ లేదు. దానికి వివరణ అవసరమని కూడా ఆయన అనుకోలేదు.

బయటికి వచ్చిన ఆ బాబు అమ్మగారు మా దగ్గరికి వస్తుంటే ఏమంటారోనని బెదిరాను. "వచ్చే వారం జెర్సీలు ఉతికే వంతు మీది, సంచి మర్చిపోకండి" అని గుర్తు చేసి వెళ్ళిపోయారు.

ఈపాటికి మీలో కొందరికి ఒక అనుమానం వచ్చి ఉంటుంది. ఓటమిని పట్టించుకోని చోట పోటీ ఏముంటుంది, మెత్తమెత్తగా పెరిగిన పిల్లలు రేపు జేఈఈలో లక్షల మందితో ఎలా తలపడతారు అని. ఆ అనుమానం నాకూ వచ్చింది. అది తీరాలంటే ఆదివారం పిల్లల ఆట కాదు, శనివారం పెద్దల ఆట చూడాలి.

పెద్దల జట్లు కౌంటీ స్థాయి లీగుల్లో ఆడతాయి. గెలిస్తే పై మెట్టు, ఓడితే కింది మెట్టు. సెప్టెంబరులో మొదలయ్యే సీజన్ చలికాలమంతా సాగుతుంది. మంగళవారం, గురువారం సాయంత్రాలు ఉద్యోగాలు ముగించుకుని వచ్చి, వానలో లైట్ల కింద ప్రాక్టీసు చేస్తారు. వాళ్ళలో టీచర్లు, ఎలక్ట్రీషియన్లు, అకౌంటెంట్లు, ఒక డాక్టరు ఉండేవారు. ఎవరికీ రూపాయి రాదు, పైగా సభ్యత్వ రుసుము కట్టాలి. అయినా శనివారం మధ్యాహ్నం మ్యాచ్ చూస్తే ప్రాణం పెట్టి ఆడుతున్నారనిపిస్తుంది. అంతకంటే తీవ్రమైన పోటీ నేను ఏ కోచింగ్ సెంటర్లోనూ చూడలేదు.

అయితే ఆ పోటీకి కొన్ని కట్టుబాట్లున్నాయి. రిఫరీని 'సర్' అనే పిలుస్తారు. నిర్ణయం మీద ఏదైనా అడగాలంటే కెప్టెన్ ఒక్కడే మాట్లాడాలి. ఇంకెవరైనా వాదనకు దిగితే శిక్షగా జట్టు పది మీటర్లు వెనక్కి పోవాలి. మ్యాచ్ అయ్యాక రెండు జట్లూ వరుసగా నిలబడి ఒకరికొకరు చప్పట్లు కొడతారు. తర్వాత ఆతిథ్య క్లబ్బు రెండు జట్లకూ భోజనం పెడుతుంది. ఇందాక కిందపడేసినవాడు, పడినవాడు ఒకే బల్ల మీద కూర్చుని తింటారు.

అన్నిటికంటే నాకు నచ్చింది మూడో జట్టు. మొదటి జట్టు గెలుపు కోసం, రెండోది మొదటి దాంట్లో చోటు కోసం ఆడేవి. మూడో జట్టు మాత్రం ఆట కోసమే. పంతొమ్మిదేళ్ళ కుర్రాడి పక్కన నలభై ఐదేళ్ళ పొట్టాయన ఉంటాడు. శుక్రవారం రాత్రి దాకా పదిహేను మంది కుదరరు, కెప్టెన్ అందరికీ ఫోన్లు చేస్తూనే ఉంటాడు. ఆ జట్టుకూ మైదానం ఇస్తారు, రిఫరీని పిలుస్తారు, భోజనం పెడతారు. ఆ క్లబ్బులో 'ఎక్‌స్ట్రా' అనేవాడు లేడు.

ఇదంతా చెప్పి ఆ దేశాన్ని, ఆ ఆటని ఆకాశానికెత్తేస్తే అబద్ధం చెప్పినట్టే. రగ్బీ చరిత్రలో పెద్ద మచ్చ ఒకటి ఆ యార్క్‌షైర్‌లోనే ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివర అక్కడి ఆటగాళ్ళలో చాలామంది గని కార్మికులు, మిల్లు కూలీలు. శనివారం ఆడాలంటే పని మానాలి, పని మానితే కూలి పోతుంది. ఆ పోయిన కూలి మాత్రం క్లబ్బులు ఇచ్చుకోవచ్చా అని ఉత్తరాది వాళ్ళు అడిగారు. దానికి 'బ్రోకెన్ టైమ్' చెల్లింపు అని పేరు. ఆటకు డబ్బు ముట్టకూడదన్నారు పెద్దలు. ఆ పెద్దలకు కూలి పోయే బాధ లేదు మరి. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై విడిపోయాయి. అదే తర్వాత రగ్బీ లీగ్ అనే వేరే ఆటయింది. రగ్బీ యూనియన్ వాళ్ళు డబ్బు తీసుకుని ఆడడాన్ని ఒప్పుకున్నది సరిగ్గా నూరేళ్ళ తర్వాత, 1995లో.

ఈ కథ మనకెందుకంటే, ఆట ఎప్పుడూ తీరిక ఉన్నవాళ్ళ సొత్తే అయింది. మన పిల్లలకు కూలి పోయే భయం లేదు. ఫీజు కడుతున్నాం, షూ కొంటున్నాం, బడిలో మైదానం ఉంది. వాళ్ళకు లేనిది తీరిక ఒక్కటే. అది లేకుండా చేస్తున్నది మిల్లు యజమాని కాదు, మనమే. ఆ కార్మికుడు కూలి పోతుందని ఆట మానేవాడు, మన పిల్ల ర్యాంకు పోతుందని మానుతోంది.

ప్రమాదం సంగతి కూడా దాచను. రగ్బీలో తలకు దెబ్బలు నిజమైన సమస్య. 2003లో ప్రపంచ కప్పు గెలిచిన ఇంగ్లండు జట్టులో ఆడిన స్టీవ్ థాంప్సన్ నలభైల వయసులోనే తనకు మతిమరుపు జబ్బు మొదలైందనీ, ఆ కప్పు గెలిచిన రోజే తనకు గుర్తులేదనీ 2020లో బయటపెట్టారు. ఆ తర్వాత ఇంగ్లండులోని స్థానిక క్లబ్బుల ఆటలో నియమాలు మరింత బిగించారు. 2023-24 సీజన్ నుంచి ఛాతీ ఎముక కింది అంచుకు పైన పట్టుకుని ఆపడం నిషేధం. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే చాలు, ఆ ఆటగాడు బయటికి రావాలి, ఆ రోజు మళ్ళీ ఆడకూడదు. మా అమ్మాయి తొమ్మిదేళ్ళ విభాగంలోకి వెళ్ళాక ఒంటి మీద చెయ్యివేసి ఆపే ఆట మొదలైంది. మా ఆవిడ ఆ ఏడాదంతా మైదానం అంచున ఊపిరి బిగబట్టే నిలబడింది. కాబట్టి మీ పిల్లల్ని రగ్బీలో చేర్చమని నేను చెప్పడం లేదు. హైదరాబాద్‌కు ఆ ఆట మరీ కొత్తేమీ కాదు, 2025లో జరిగిన మొదటి రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ జట్టు ఆడింది. కానీ నేను అడుగుతున్నది ఆట గురించి కాదు, ఆ నోటుబుక్కు గురించి.

మన స్పోర్ట్స్ డే రోజు గేటు దగ్గర ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటోలు వెతుకుతాం? కప్పులు తెచ్చినవాళ్ళవి. వాట్సాప్ గ్రూపులో ఏం అడుగుతాం? "ఫస్ట్ ఎవరు?" అని. మనం అడిగేది అదైతే బడి చూపించేదీ అదే. పీఈటీ సార్ మీదకు నేరం నెట్టడం తేలిక. కానీ టోర్నమెంటులో ఓడొస్తే ఆయన్ని ప్రశ్నించేది మనం. గెలిచిన జట్టులో బెంచీ మీదే కూర్చుని వచ్చిన పిల్ల గురించి ఆయన్ని ఎవరూ అడగరు. నాలుగు టోర్నమెంట్లకు ట్రాక్ సూట్ వేసుకుని వెళ్ళి, ఒక్క నిమిషం ఆడకుండా తిరిగొచ్చిన నా కూతురి గురించి నేనే అడగలేదు. "గెలిచారా?" అనే అడిగాను.

పోటీ వద్దని నేను అనను. ఈ బడిలో ఎవరూ అనరు. కానీ గెలిచే చోట మాత్రమే ఆడాలని నేర్చుకున్న పిల్ల, రేపు ర్యాంకు రాని చోట ఏం చేస్తుంది? ఎంట్రన్సు రాసేవాళ్ళలో ఎక్కువ మంది కోరుకున్న సీటు రానివాళ్ళే కదా. ఆ రోజు వాళ్ళకు కావలసింది ఓడిపోయాక కూడా అదే బల్ల దగ్గర కూర్చుని అన్నం తినగలిగే అలవాటు. అది పద్దెనిమిదో ఏట కొత్తగా నేర్పేది కాదు.

అందుకే ఆ రోజు నా వంతు వచ్చినప్పుడు అనుకున్న మాట మింగేసి, వేరే మాట అడిగాను. మీరూ వచ్చే మీటింగ్‌లో అడగమని కోరుతున్నాను. మొదటిది, టోర్నమెంటుకు తీసుకెళ్ళిన ప్రతి పిల్ల ఎన్ని నిమిషాలు ఆడిందో బడి రాసిపెట్టాలి, ప్రోగ్రెస్ కార్డుతో పాటు మనకు చెప్పాలి. రెండోది, తొమ్మిది, పది తరగతులకు కూడా గేమ్స్ పీరియడ్ ముట్టుకోకూడదు, అది మ్యాథ్స్‌కైనా సరే. మూడోది, జట్టులో చోటు రానివాళ్ళకు నెలకు ఒక్క శనివారమైనా సొంత మ్యాచులు పెట్టాలి. అంపైరింగు, లైనులు గీయడం, మజ్జిగ పంచడం లాంటి పనులకు తల్లిదండ్రులం వంతులవారీగా వస్తాం. మొదటి శనివారం వంతు నాది.

ఇంటికెళ్ళాక అమ్మాయితో ఖో-ఖో మానక్కర్లేదని చెప్పాను. ఫౌండేషన్ క్లాసు సమయం మార్చమని అడుగుతానన్నాను. అది కాసేపు ఆలోచించి, "మరి ఈసారి కూడా కూర్చోబెడితే?" అంది.

ఆ ప్రశ్నకు నా ఒక్కడి దగ్గర జవాబు లేదు. అందుకే మీ అందరికీ రాస్తున్నాను.

– ఎనిమిదో తరగతి విద్యార్థిని తండ్రి